ఊరి బయటివాడు అల్‌బెరూనీ

(హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. చరిత్ర)



పోటీ పరీక్షలకు చదివేవాళ్లందరికీ అల్‌బెరూనీ పేరు తెలిసే ఉంటుంది. బిట్ బ్యాంకుల్లో ఆయన వాటా రెండు లైన్లు. గజనీ మహమ్మద్ కాలంలో భారతదేశానికి వచ్చిన పండితుడెవరు? అల్‌బెరూనీ. తహ్‌కీక్-ఇ-హింద్ గ్రంథకర్త ఎవరు? మళ్లీ ఆయనే. ఆ రెండు బిట్లతో నేను కూడా డిగ్రీ దాటేశాను. పీజీలో మధ్యయుగ చరిత్ర పేపరు కోసం ఆ పుస్తకం ఆంగ్లానువాదం చేతికి తీసుకున్నాకే ఆ రెండు లైన్ల వెనుక ఎంత పెద్ద మనిషి ఉన్నాడో అర్థమైంది. అందుకే ఈ సంచికలో ఆయన జీవితం రాస్తున్నాను.

ఆయన పూర్తి పేరు అబూ రేహాన్ మహమ్మద్ ఇబ్న్ అహ్మద్ అల్ బెరూనీ. 973 సెప్టెంబరులో ఖ్వారజం రాజ్యంలోని కాత్ నగరం దగ్గర పుట్టాడు. ఆ ప్రాంతం నేటి ఉజ్బెకిస్తాన్‌లో, అరల్ సముద్రానికి దక్షిణంగా, అము దర్యా నది ఒడ్డున ఉంది. బెరూన్ అంటే పారశీకంలో బయట అని అర్థం. నగరంలో కాకుండా నగరం బయట పుట్టాడు కాబట్టి బెరూనీ అయ్యాడు. అంటే మన మాటల్లో ఊరి బయటివాడు. పేరు చెప్పుకుంటే గౌరవం దక్కే పెద్ద వంశమేదీ ఆయన వెనుక లేదు. వెయ్యేళ్ల తర్వాత కూడా లోకం ఆయన్ని ఊరి బయటివాడు అనే పేరుతోనే పిలుస్తోంది. ఆ పేరునే ఆయన ఇంత పెద్దది చేసుకున్నాడు కదా అనిపిస్తుంది నాకు.

చిన్నతనంలోనే ఆయనకు మంచి గురువు దొరికాడు. ఆ గురువు పేరు అబూ నస్ర్ మన్సూర్. కాత్‌ను ఏలే రాజకుటుంబానికి చెందినవాడు, గొప్ప గణిత శాస్త్రవేత్త. త్రికోణమితిలో ఆయన చేసిన పని నేటికీ చరిత్రకారులు చెప్పుకుంటారు. రాజవంశీకుడైన ఆ గురువు ఊరి బయటి కుర్రాడికి చదువు చెప్పడంతో ఆగలేదు. తర్వాతి కాలంలో శిష్యుడి పేరు మీద పన్నెండు చిన్న గ్రంథాలు రాసి ఇచ్చాడు. గురువు శిష్యుడికి గ్రంథాలు అంకితమివ్వడం మన దగ్గర ఎంతమంది చూశారో నాకు తెలియదు.

పదిహేడేళ్ల వయసులో, అంటే మనవాళ్లు ఇంటర్ చదివే వయసులో, అర డిగ్రీకొక గీత పెట్టిన ఒక వలయం సాయంతో మధ్యాహ్న సూర్యుని ఎత్తు కొలిచి కాత్ నగర అక్షాంశం లెక్కగట్టాడు. ఇరవై రెండేళ్లు వచ్చేసరికి పటాలు గీసే పద్ధతుల మీద పుస్తకం రాశాడు. పదిహేను మూరల వ్యాసం గల పెద్ద వలయం కట్టించి సూర్యుని గమనం కొలవడం మొదలుపెట్టాడు. అప్పుడే, 995లో, రాజ్యంలో అంతర్యుద్ధం వచ్చింది. గుర్గంజ్ పాలకులు కాత్ మీద పడి గురువుగారి వంశాన్ని గద్దె దించారు. బెరూనీ కొంతకాలం దాక్కుని, తర్వాత ప్రాణాలతో దేశం దాటిపోయాడు. ఆ వలయంతో చేయగలిగింది ఒక్క వేసవి కొలత మాత్రమే.

అక్కడి నుండి ఆయన చేరినది ఇప్పటి టెహ్రాన్ దగ్గర ఉన్న రయ్ నగరం. చేతిలో డబ్బు లేదు, అండ లేదు. ఆ ఊళ్లో ఒక జ్యోతిష్కుడితో శాస్త్ర విషయం మీద వాదన జరిగింది. బెరూనీ చెప్పింది విషయపరంగా ఎంత నిలబడుతుందో చూడకుండా, పేదవాడు కాబట్టి అతని మాటకు విలువేమిటని ఆ పెద్దమనిషి ఎగతాళి చేశాడు. కొన్నాళ్లకు బెరూనీ పరిస్థితి మెరుగుపడింది. అదే పెద్దమనిషి స్నేహంగా మాట్లాడటం మొదలుపెట్టాడు. బెరూనీ ఈ సంగతిని తన పుస్తకంలో రాసిపెట్టుకున్నాడు. పెద్దగా కోపం చూపించలేదు గానీ, మర్చిపోలేదు కూడా. వేసుకున్న చొక్కా చూసి మాటకు విలువ కట్టడం మనలో చాలామందికి అనుభవమే కాబట్టి ఈ చిన్న సంగతి వదిలేయకుండా రాస్తున్నాను.

ఇలా తిరిగే రోజుల్లోనే ఆయన చేసిన ఒక పని చూడండి. 997 మే 24న చంద్రగ్రహణం. బాగ్దాద్‌లో అబుల్ వఫా అనే పేరున్న గణిత శాస్త్రవేత్త ఉండేవాడు. ఇద్దరూ ముందే అనుకుని, ఆయన బాగ్దాద్‌లో, ఈయన కాత్‌లో ఒకే గ్రహణాన్ని గమనించి, ఎవరి ఊరి కాలం ప్రకారం వారు వేళ గుర్తించారు. గ్రహణం అందరికీ ఒకే క్షణంలో పడుతుంది. ఊళ్ల గడియారాలే వేరు. ఆ తేడాను బట్టి రెండు నగరాల మధ్య రేఖాంశాల తేడా వస్తుంది. ఫోను లేదు, రేడియో లేదు. వందల మైళ్ల దూరంలో ఉన్న ఇద్దరు మనుషులు ఆకాశంలోని చంద్రుణ్ణే గడియారంగా వాడుకున్నారు.

తర్వాత కాస్పియన్ సముద్రం పక్కనున్న గుర్గాన్‌లో ఖాబూస్ అనే రాజు ఆయనకు ఆశ్రయమిచ్చాడు. అక్కడే సుమారు 1000లో, ఇరవై ఏడేళ్ల వయసులో, ప్రాచీన జాతుల కాలగణనల మీద మొదటి పెద్ద గ్రంథం పూర్తి చేశాడు. పారశీకులు, యూదులు, సిరియా క్రైస్తవులు, గ్రీకులు, అరబ్బులు, తన సొంత ఖ్వారజం ప్రజలు ఏడాదిని ఎలా లెక్కించారు, ఏ పండుగ ఎప్పుడు చేశారు అన్నీ పోల్చి రాశాడు. చదరంగం గళ్లలో ఒకటి, రెండు, నాలుగు అని రెట్టింపు చేస్తూ గింజలు పోస్తే మొత్తం ఎన్నవుతాయో ఇరవై అంకెల సంఖ్యగా లెక్కగట్టి చూపింది కూడా ఈ పుస్తకంలోనే. ఇందులోనే ఒక బాధాకరమైన విషయం ఉంది. 712లో అరబ్బు సేనాని ఖుతైబా ఖ్వారజాన్ని జయించినప్పుడు ఆ దేశపు లిపి, చరిత్ర తెలిసిన పండితులను చంపించి, వాళ్ల జ్ఞానాన్ని లేకుండా చేశాడని రాశాడు. గెలిచినవాడిదీ తన మతమే. అయినా తన జాతి పోగొట్టుకున్నదాన్ని దాచకుండా చెప్పాడు. ఈ గుణం ఆయనలో చివరిదాకా ఉంది.

ఆ సంవత్సరాల్లోనే ఇబ్న్ సీనాతో ఉత్తరాల వాదన నడిచింది. ఇబ్న్ సీనా బెరూనీ కన్నా ఏడేళ్లు చిన్న, వైద్యంలో, తత్వశాస్త్రంలో మహామేధావి. బెరూనీ ఆయనకు పద్దెనిమిది ప్రశ్నలు పంపాడు. అందులో పది అరిస్టాటిల్ ఆకాశం గురించి రాసిన గ్రంథం మీద, ఎనిమిది ప్రకృతి శాస్త్రం మీద. ఆకాశగోళాలకు బరువు లేదని ఎలా చెప్పగలం, మన లోకం వంటి మరో లోకం ఎందుకు ఉండకూడదు, వేడికి వస్తువులు వ్యాకోచించి చలికి సంకోచిస్తే నీరు గడ్డకట్టినప్పుడు సీసా ఎందుకు పగులుతుంది – ఇవీ ఆ ప్రశ్నల తీరు. అరిస్టాటిల్ చెప్పాడు కాబట్టి నిజం అనే మాట ఆయనకు చాలలేదు. వాదన వేడెక్కాక ఇబ్న్ సీనా తన శిష్యుడి చేత జవాబులు రాయించాడు. ఇద్దరిలో తత్వవేత్తగా ఇబ్న్ సీనా పేరే ఎక్కువ. కానీ ఆ ఉత్తరాల్లో అడగడం తెలిసినవాడు బెరూనీయే అని నా అభిప్రాయం.

1004 నాటికి ఆయన సొంత దేశానికి తిరిగి వచ్చాడు. కొత్త పాలకుడు మామూన్ ఆస్థానంలో సలహాదారుగా ఉంటూ ఏడేళ్లు రాజకీయాల్లో కూడా తలదూర్చవలసి వచ్చింది. ఆ కాలం ఆయనకు ఇష్టమైన కాలం కాదు. 1017లో మామూన్‌ను సొంత సైన్యమే చంపింది. అదే సాకుగా గజనీ సుల్తాన్ మహమ్మద్ దండెత్తి వచ్చి ఖ్వారజాన్ని ఆక్రమించాడు. ఖజానాతో పాటు పండితులను కూడా మూటగట్టుకుని గజనీకి తీసుకుపోయాడు. అందులో బెరూనీ ఉన్నాడు, ముసలివాడైన గురువు అబూ నస్ర్ ఉన్నాడు. మన గైడ్లలో ఆయన మహమ్మద్ వెంట వచ్చాడని ఒక్క మాటలో రాస్తారు. వచ్చినవాడు కాదు, తేబడినవాడు. అప్పటికి ఆయనకు నలభై నాలుగేళ్లు.

మహమ్మద్ దగ్గర ఆయన బతుకు ఎలా ఉండేదో ఒక కథ చెబుతుంది. నూరేళ్ల తర్వాత నిజామీ అరూజీ అనే రచయిత రాసిన కథ ఇది. నాలుగు తలుపులున్న మేడ మీద కూర్చుని, నేను ఏ తలుపు గుండా బయటికి వెళ్తానో చెప్పమన్నాడట సుల్తాన్. బెరూనీ లెక్క వేసి కాగితం మీద రాసి పరుపు కింద పెట్టాడు. సుల్తాన్ గోడ పగలగొట్టించి ఐదో దారి చేయించుకుని వెళ్లి, కాగితం తీసి చూస్తే అదే రాసి ఉంది. మెచ్చుకోవలసింది పోయి, కోపం పట్టలేక ఆయన్ని మేడ మీద నుండి తోయించాడట. కింద పరదా అడ్డుపడి బతికాడు. ఆరు నెలలు జైల్లో పెట్టారట. బెరూనీకి ఫలజ్యోతిషం మీద పెద్ద నమ్మకం లేదని ఆయన రాతల వల్ల తెలుస్తుంది కాబట్టి ఇది కల్పితమే అయి ఉంటుంది. అయినా అధికారం దగ్గర తెలివైనవాడు ఎలా బతకాలో ఆ కాలపు జనానికి బాగా తెలుసునని మాత్రం ఈ కథ చూపిస్తుంది.

1018 అక్టోబరులో కాబూల్ దగ్గర ఒక పల్లెలో ఉన్నప్పుడు ఆయన దగ్గర ఒక్క పరికరం కూడా లేదు. లెక్కలు వేసుకునే పలక వెనుక వైపు వృత్త భాగం గీసి, డిగ్రీలు గుర్తించి, దారానికి బరువు కట్టి వేలాడదీసి, దానితోనే సూర్యుని ఎత్తు కొలిచి ఆ ఊరి అక్షాంశం కనుక్కున్నాడు. మన ల్యాబ్‌లో సామాను లేదని ఊరుకునే మాట నేను కూడా చాలాసార్లు అన్నాను. ఇది చదివాక ఆ మాట అనేటప్పుడు కొంచెం సిగ్గేస్తోంది.

ఇక ఆయన భూమిని కొలిచిన సంగతి. పదో తరగతి తమ్ముళ్లు ఇది జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే మీకు వచ్చిన లెక్కే ఇది. అంతకు ముందు తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్ ఖలీఫా మామూన్ (ఈయన వేరే మామూన్) రెండు బృందాలను ఎడారిలో ఉత్తరానికి, దక్షిణానికి నడిపించి, ధ్రువ నక్షత్రం ఒక డిగ్రీ మారేదాకా ఎంత దూరమో కొలిపించాడు. దానికి రాజు కావాలి, మనుషులు కావాలి, డబ్బు కావాలి. బెరూనీ దగ్గర అవి లేవు. ఇప్పటి పాకిస్తాన్ పంజాబ్‌లో, జీలం జిల్లాలో, ఉప్పు కొండల మీద నందన అనే కోట ఉంది. 1014లో మహమ్మద్ దాన్ని పట్టుకున్నాడు. ఆ కోట పక్కన ఒక కొండ, కొండ ముందు కనుచూపు మేర చదునైన మైదానం. బెరూనీకి అది చాలు.

ముందు కింద నిలబడి కొండ ఎత్తు కొలిచాడు. మనం ఊర్ధ్వకోణాల లెక్కలో రెండు చోట్ల నుండి చూసి స్తంభం ఎత్తు కట్టినట్టే. సుమారు 652 మూరలు వచ్చింది. తర్వాత కొండెక్కి, ఆకాశం నేల కలిసేచోటు సమతలానికి ఎంత కిందికి ఉందో చూశాడు. అదే నిమ్నకోణం. 34 కళలు వచ్చింది, అంటే ఒక డిగ్రీలో సగం కంటే కాస్త ఎక్కువ. ఇప్పుడు కాగితం మీద వృత్తం గీయండి. కేంద్రం నుండి కొండ కొసకు ఒక గీత, కొండ కొస నుండి వృత్తానికి స్పర్శరేఖ, స్పర్శబిందువు నుండి కేంద్రానికి వ్యాసార్థం. లంబకోణ త్రిభుజం వచ్చింది. కేంద్రం దగ్గర కోణం ఆ 34 కళలే. దాని కొసైన్ విలువ, వ్యాసార్థాన్ని వ్యాసార్థం, కొండ ఎత్తు కూడిన మొత్తంతో భాగిస్తే వచ్చేది. అందులో మనకు తెలియనిది వ్యాసార్థం ఒక్కటే. ఆయనకు వచ్చిన జవాబు దాదాపు కోటీ 28 లక్షల మూరలు. మూరకు 49 సెంటీమీటర్ల చొప్పున వేసుకుంటే 6,300 కిలోమీటర్ల దగ్గరికి వస్తుంది. నేటి సగటు లెక్క 6,371.

ఇంటర్నెట్‌లో కొందరు ఆయన లెక్క కొన్ని కిలోమీటర్ల తేడాతో సరిపోయిందని రాస్తుంటారు. అది అతి. ఆ మూర పొడవు మీద పండితుల్లో తేడాలున్నాయి. గాలిలో వెలుతురు వంగడం వల్ల నిమ్నకోణంలో తప్పు వస్తుందని ఆ రోజుల్లో లెక్కలోకి తీసుకోలేదు. కొసైన్ చివరి అంకెల్లో చిన్న తేడా పడినా జవాబు చాలా మారిపోతుంది. కాబట్టి అంకె కలిసిందా లేదా అన్నదానికంటే పద్ధతే గొప్ప. వేల మంది నడవవలసిన దూరాన్ని ఒక మనిషి ఒక కొండ మీద నిలబడి కొలిచాడు. ఈ సంగతి ఆయన 1025లో పూర్తి చేసిన నగరాల స్థానాలను గూర్చిన గ్రంథంలో ఉంది. గజనీ నుండి మక్కా దిశ సరిగ్గా ఎటో కనుక్కోవడం కోసమే ఆ పుస్తకం మొదలుపెట్టాడు.

ఇక మనకు అసలు సంబంధించిన పుస్తకం, భారతదేశం మీద ఆయన రాసినది. 1030లో, మహమ్మద్ చనిపోయిన ఏడాదే, దాన్ని రాశాడు. 80 అధ్యాయాలు. జర్మన్ పండితుడు ఎడ్వర్డ్ సఖావ్ 1887లో అరబ్బీ మూలాన్ని, 1888లో ఆంగ్లానువాదాన్ని ప్రచురించాడు.

ఈ పుస్తకం కోసం ఆయన నలభై ఏళ్లు దాటాక సంస్కృతం నేర్చుకున్నాడు. ఎంత కష్టపడ్డాడో దాచుకోలేదు. ఒకే వస్తువుకు ఎన్నో పేర్లు, ఒకే మాటకు ఎన్నో అర్థాలు. ఎంత శ్రద్ధగా రాసుకుని మళ్లీ పలికినా ఎదుటివాళ్లకు అర్థమయ్యేది కాదట. పుస్తకాల కోసం, పండితుల కోసం ఖర్చుకు వెనుకాడలేదు. అసలు ఆయన మాతృభాష ఖ్వారజమీ. శాస్త్రాలు రాసింది అరబ్బీలో. ముసలితనంలో మందుల మీద రాసిన గ్రంథం ముందుమాటలో, అరబ్బీకీ పారశీకానికీ తాను బయటివాణ్ణేనని, తన తల్లి భాషలో శాస్త్రం రాస్తే అది చూరు నీళ్ల గొట్టం మీద ఎక్కిన ఒంటెలా వింతగా ఉంటుందని చెప్పుకున్నాడు. తెలుగు మీడియంలో చదివి పీజీలో ఇంగ్లీషు పాఠాల ముందు కూర్చున్నవాళ్లకు ఈ మాట ప్రత్యేకంగా వివరించనక్కరలేదు. ఆ ఖ్వారజమీ భాష తర్వాత అంతరించిపోయింది.

మొదట మన జ్యోతిశ్శాస్త్ర పండితుల ముందు శిష్యుడిలా నిలబడ్డాడు. కొంత నేర్చుకున్నాక, వాళ్ల లెక్కలకు కారణాలు వాళ్లకే వివరించడం మొదలుపెట్టాడు. వాళ్లు ఆశ్చర్యపోయి ఏ హిందూ గురువు దగ్గర నేర్చావని అడిగేవారట. బయటివాడికి ఇంత తెలుస్తుందని నమ్మలేక మంత్రగాడేమో అనుకున్నవాళ్లు కూడా ఉన్నారు. పతంజలి యోగశాస్త్రాన్ని, ఒక సాంఖ్య గ్రంథాన్ని అరబ్బీలోకి తెచ్చాడు. యూక్లిడ్ రేఖాగణితాన్ని, టాలెమీ ఖగోళ గ్రంథాన్ని మన పండితుల కోసం సంస్కృత శ్లోకాల్లోకి మార్చే పని చేస్తున్నానని రాశాడు. అటు నుండి ఇటు, ఇటు నుండి అటు. ఇంచుమించు ఆ రోజుల్లోనే రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి దగ్గర నన్నయ భారతాన్ని తెలుగు చేస్తున్నాడు. బెరూనీ పంజాబు, ముల్తాన్ ప్రాంతాలు దాటి దక్షిణానికి రాలేదు కాబట్టి మన దేశం గురించి విన్నదే తప్ప చూసింది లేదు. అయితే మన పంచాంగాల్లో నేటికీ కనిపించే శక సంవత్సరం లెక్కను ఆయన శ్రద్ధగా వివరించాడు. తన లెక్కలన్నింటికీ ఆధారంగా శక 953ను, అంటే 1031ని, తీసుకున్నాడు.

ప్రభువు గురించి రాయడానికి ఆయన భయపడలేదు. మహమ్మద్ దండయాత్రలు ఈ దేశ సంపదను నాశనం చేశాయని, జనాన్ని ధూళిలా చెదరగొట్టాయని, అందుకే విద్యలు కాశ్మీరు, కాశీ వంటి దూర ప్రదేశాలకు పారిపోయాయని ఆ సుల్తాన్ కొడుకు రాజ్యంలో కూర్చునే రాశాడు. అలాగని మన పండితులను పొగిడి ఊరుకోలేదు. తమ దేశం, తమ శాస్త్రం తప్ప మరొకటి లేదనుకునే గర్వం వాళ్లకుందని చెప్పాడు. తెలిసిన విద్యను తమవాళ్లలోనే ఇతర కులాలకు చెప్పరని, ఇక విదేశీయులకు ఎలా చెబుతారని అన్నాడు.

బ్రహ్మగుప్తుడి మీద ఆయన చేసిన విమర్శ నాకు మరీ నచ్చింది. గ్రహణం భూమి నీడ వల్ల, చంద్రుడి అడ్డు వల్ల వస్తుందని బ్రహ్మగుప్తుడికి బాగా తెలుసు. లెక్కలన్నీ అలాగే వేశాడు. కానీ ఆ పుస్తకం మొదట్లో మాత్రం రాహువు మింగడమే నిజమని, కాదన్నవాళ్లు వేదానికి వ్యతిరేకులని రాశాడు. బెరూనీ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి నిలదీశాడు. తర్వాత కాస్త మెత్తబడి, అంత మేధావి అలా రాశాడంటే సోక్రటీసుకు పట్టిన గతి తనకు పడుతుందని భయపడి ఉంటాడని అర్థం చేసుకున్నాడు. తిట్టడం వచ్చు, కారణం వెతకడం కూడా వచ్చు.

భూమి తిరుగుతుందా లేదా అన్నది కూడా ఆయన తేలిగ్గా తేల్చలేదు. భూమి తిరుగుతుందనుకున్నా ఖగోళ లెక్కలు ఏమీ చెడిపోవని ఒప్పుకున్నాడు. చివరికి నిలకడగా ఉందన్న వైపే మొగ్గాడు. గంగా, సింధు మైదానాల గురించి మాత్రం ఆయన ఊహ చాలా ముందుంది. కొండల దగ్గర నదిలో పెద్ద గుండ్రాళ్లు, దూరం వెళ్లేకొద్దీ చిన్న రాళ్లు, సముద్రం దగ్గర ఇసుక ఉండటం చూసి, ఈ నేలంతా ఒకప్పుడు సముద్రమని, నదులు తెచ్చిన ఒండ్రుతో పూడిందని చెప్పాడు.

ఇప్పుడు కులాల అధ్యాయం. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే. నాలుగు వర్ణాల గురించి చెప్పాక ఆయన అంత్యజుల దగ్గరికి వస్తాడు. ఎనిమిది వృత్తులు లెక్కపెడతాడు. బట్టలు ఉతికేవారు, చెప్పులు కుట్టేవారు, గారడీ ఆడేవారు, బుట్టలు, డాళ్లు అల్లేవారు, పడవ నడిపేవారు, చేపలు పట్టేవారు, వేటాడేవారు, నేత నేసేవారు. వీళ్లు నాలుగు వర్ణాల వాళ్ల ఊళ్లకు దగ్గరగా, కానీ ఊరి బయట ఉంటారని రాశాడు. వీళ్ల కింద మళ్లీ హాడి, డోమ, చండాల, బధతౌ అనేవాళ్లు, ఊరి మురికి ఎత్తేవాళ్లు, ఏ కులంలోనూ లెక్కకు రానివాళ్లు. వైశ్యుడో శూద్రుడో వేదం చదివినట్టు రుజువైతే నాలుక కోయిస్తారని కూడా రాశాడు.

ఆ జాబితాలో రెండో వృత్తి దగ్గర నేను చాలాసేపు ఆగాను. మా తాత ఆ పనే చేశాడు. మా నాన్న కూలికి పోతాడు. మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే మొదలు. వెయ్యేళ్ల క్రితం ఎక్కడో మధ్య ఆసియా నుండి పట్టుకొచ్చిన ఒక పరాయి మనిషి మా తాత ముత్తాతలు ఎక్కడ ఉండేవారో రాసిపెట్టాడు. ఊరి బయట. ఆయన పేరుకు అర్థం కూడా అదే. కాకపోతే ఆయన చదువుకుని ఆ బయట నుండి లోపలికి వచ్చాడు. వీళ్లకు ఆ దారి మూసేసి ఉంది.

తమ మతంలో భక్తి విషయంలో తప్ప మనుషులందరూ సమానమని, ఇక్కడివాళ్లు తమకు దగ్గర కాలేకపోవడానికి ఇదే పెద్ద అడ్డంకి అని బెరూనీ అభిప్రాయం. ఇలాంటి వర్గాలు ప్రాచీన ఇరాన్‌లో కూడా ఉండేవని చెప్పడం మర్చిపోలేదు. చండాలుడికి కూడా మోక్షం ఉందా లేదా అని ఇక్కడి పండితుల్లోనే రెండు అభిప్రాయాలున్నాయని, మనసు పెడితే అందరికీ ఉందనేవారు కూడా ఉన్నారని న్యాయంగా రాశాడు.

కానీ రెండు విషయాలు నాకు మింగుడు పడలేదు. ఆయన రాస్తున్న కాలంలోనే గజనీ సంతల్లో ఈ దేశం నుండి పట్టుకుపోయిన మనుషులను బానిసలుగా అమ్మారు. సమానత్వం గురించి రాసేటప్పుడు ఆ సంత ఆయనకు గుర్తు రాలేదా? రెండోది, ఆయనకు సమాచారం ఇచ్చినవాళ్లు బ్రాహ్మణ పండితులు, ఆయన చదివినవి వాళ్ల గ్రంథాలు. అంత్యజుల గురించి రాశాడే గానీ ఒక్క అంత్యజుడితో కూర్చుని మాట్లాడినట్టు కనబడదు. చెప్పులు కుట్టేవాడిని అడిగి ఉంటే ఆ అధ్యాయం ఇంకోలా ఉండేది. ఆయన గొప్పతనం ఒప్పుకుంటూనే ఈ మాట అనక తప్పదు. ఇతరుల విషయంలో ఆయన చేసింది కూడా ఇదే కదా.

గజనీలోనే ఆయన చేసిన మరో పని చెల్లెళ్ల కోసం చెప్పాలి. 1029లో రేహానా అనే ఖ్వారజం అమ్మాయి కోసం ఆయన ఒక పాఠ్యపుస్తకం రాశాడు. ప్రశ్న, జవాబు పద్ధతి. రేఖాగణితంతో మొదలై అంకగణితం, ఖగోళం, ఆఖర్న జ్యోతిషం. ముందు గణితం రానివాడికి జ్యోతిష్కుడనే పేరుకు అర్హత లేదని ఆయన ఉద్దేశం. వెయ్యేళ్ల నాడు ఒక ఆడపిల్ల ఖగోళశాస్త్రం నేర్చుకోవాలనుకుంది, ఆ కాలపు మహా పండితుడు ఆమె కోసం కూర్చుని పుస్తకం రాశాడు.

మహమ్మద్ కొడుకు మసూద్ కాలంలో ఆయనకు కొంత ఊపిరి ఆడింది. ఖగోళశాస్త్రంలో తన మహాగ్రంథాన్ని ఆ రాజు పేరు మీద రాశాడు. దానికి ఏనుగు మోసేంత వెండి పంపితే అక్కర్లేదని తిప్పి పంపాడని కథ. తర్వాత రత్నాలు, లోహాల మీద పుస్తకం రాశాడు. శంకువు ఆకారపు పాత్రలో నీళ్లు నింపి, వస్తువు వేసినప్పుడు పొర్లిన నీటిని తూచి, బంగారం, పాదరసం, మాణిక్యం వంటి పద్దెనిమిది పదార్థాల సాపేక్ష సాంద్రతలు కొలిచాడు. ఆ విలువలు చాలావరకు నేటి విలువలకు దగ్గరగా ఉన్నాయి.

ముసలితనంలో చూపు, వినికిడి తగ్గినా, ఒక వైద్యుడి సాయంతో మందుల గ్రంథం మీద పని చేశాడు. ఆయన రచనలు 146 వరకు ఉన్నాయని లెక్కగట్టారు. మిగిలినవి 22 మాత్రమే. 1957లో సోవియట్ ప్రభుత్వం ఆయన పుట్టిన ఊరికి బెరూనీ అని పేరు పెట్టింది. చంద్రుడి మీద ఒక బిలానికి ఆయన పేరుంది.

సుమారు 1050లో ఆయన గజనీలోనే చనిపోయాడు. చివరి రోజు గురించి యాకూత్ అనే రచయిత ఒక సంగతి రాశాడు. ఊపిరి అందక పడుకున్న బెరూనీని చూడటానికి ఒక న్యాయశాస్త్ర పండితుడు వెళ్లాడు. ఎప్పుడో తల్లి వైపు అమ్మమ్మలకు ఆస్తిలో వాటా లెక్క గురించి తనతో చెప్పిన విషయం మళ్లీ చెప్పమని బెరూనీ అడిగాడు. ఈ స్థితిలో ఇప్పుడెందుకని జాలిపడ్డాడు పండితుడు. తెలియకుండా పోవడం కంటే తెలుసుకుని పోవడం మేలు కదా అన్నాడట బెరూనీ. పండితుడు లెక్క వివరించాడు. బెరూనీ దాన్ని తిరిగి అప్పజెప్పి, సరిగ్గా వచ్చిందో లేదో చూసుకున్నాడు. పండితుడు సెలవు తీసుకుని బయటికి వచ్చి, ఇంకా వీధిలో ఉండగానే ఆ ఇంట్లో నుండి ఏడుపులు వినిపించాయి.